పదో చుక్క

మిర్చి యార్డులో నా నాలుకకి పేరుంది.
తొడిమ తుంచి కొన కొరికితే చాలు,
ఇది తేజ, ఇది నంబర్ ఫైవ్,
ఇది పోయినేడాది ఏసీ సరుకు, కొత్తదని అంటగడుతున్నారు
అని చెప్పేసేవాణ్ణి.
కమీషన్ కొట్టు శేషగిరి అనేవాడు:
"నాగుల్ మీరా, నీ నాలుకని లాకర్లో పెట్టుకోవాల్రా."

ఆ నాలుక మీదుగానే
పదకొండు నెలలు
రోజుకి పది చుక్కలు దిగిపోయాయి.
ఒక్కటీ తన పేరు చెప్పలేదు.

మొదట్లో, ఒప్పుకుంటాను,
ఎవరూ ఏమీ కలపని రోజుల్లోనే
కలిపారన్నాను.
పప్పుగిన్నె సందులోకి విసిరాను.
టిక్కీల మధ్య నా గురించే గుసగుసలన్నాను.
మూడు రాత్రులు డాబా మీద కూర్చుని
నల్లపాడు వైపు పోయే రైళ్లు లెక్కపెట్టి
లెక్క తప్పించిందని జాన్‌బీని కొట్టాను.
ఆ మాట ఈ కాయితం మీద ఉండాలి. ఉంచుతున్నాను.

కొత్తపేటలో డాక్టరు
నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి
లోపల నా గురించి మాట్లాడాడు.
ఎదురుగా గోడకి బోర్డు: రోగుల హక్కులు.
నాలుగు చదివాను.
ఐదోదానికి అడ్డంగా మంచినీళ్ల డబ్బా స్టాండు.
"తనకిచ్చే మందు గురించి..." దాకా కనపడింది,
మిగతాది డబ్బా వెనక.
జరుపుదామని లేస్తే
"కూర్చో, కూర్చో" అన్నాడు కాంపౌండరు,
ముదిరిందనుకున్నాడు.

లోపలేం చెప్పాడో మజ్జిగకి తెలుసు.
"రంగుండదు, వాసనుండదు,
ఆయనకి తెలియక్కర్లేదమ్మా."

నిద్ర పట్టింది. అదీ చెప్పాలి.
గుసగుసలు ఒక్కొక్కటే ఆగాయి
సాయంత్రం యార్డులో కాటాలు ఆగినట్టు.
నేనే గెలిచాననుకున్నాను.
నా మనసుని నేనే దారికి తెచ్చుకున్నానని
మా చిన్నదాని దగ్గర గొప్పలు పోయాను.
అది తలొంచుకుని పెన్సిలు చెక్కుకుంది.
ఇంట్లో అందరికీ తెలుసు,
పిల్లికీ నాకూ తప్ప.

ఒకనాడు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే
వేళ్లకి సీసా తగిలింది.
రబ్బరుబ్యాండుతో చుట్టిన బిల్లు.
బిల్లు మీద నా పేరు, వయసు నలభై ఆరు.

అనుమానం జబ్బన్నారు.
ఆ జబ్బుకి వీళ్లు చేసిన వైద్యం
నా అనుమానాన్ని నిజం చెయ్యడం.

ఆ తర్వాత తొక్కున్నవే తిన్నాను.
అరటిపండు, వేరుశెనక్కాయలు,
నేనే ఉడకేసుకున్న గుడ్డు,
నా కళ్లముందు కొట్టిన బోండాం.
రంజాన్లో మసీదు గంజి మాత్రం తాగాను:
ఒకటే డేగిసా, ఒకటే గరిటె,
నా పక్కన పోస్టుమాను, అతని పక్కన అతని కొడుకు.
నాకు వేస్తే అందరికీ వెయ్యాలి.

ఇరవయ్యో రోజుకి గుసగుసలు
చెప్పులు బయట విడిచి
లోపలికొచ్చాయి.

జాన్‌బీ ఏడవలేదు.
కోస్తున్న వంకాయ పళ్లెంలో పడేసి అంది:
"నువ్వు నిద్రపోని రాత్రులు
ఈ కత్తిపీట నా మంచం కింద పెట్టుకున్నాను.
నీ మీదికి కాదు, నీకు దొరక్కుండా.
చెబితే తాగేవాడివా?"

తాగేవాణ్ణి కాదు.
అయినా చెప్పాల్సింది.
రెండూ ఒకే కాటాలో వేసి చూశాను,
ముల్లు నిలవలేదు.

మళ్లీ కొత్తపేట వెళ్లాం.
ఈసారి లోపలికి ఇద్దరం వెళ్తామన్నాను.
పిలుపు రాకముందే లేచి
నీళ్ల స్టాండు పట్టుకున్నాను. బరువుగా ఉంది.
జాన్‌బీ వచ్చి రెండో వైపు పట్టుకుంది.
వెనకాల "తెలుసుకోవడం" అని ఉంది,
దాని కింద పెయింటు పెచ్చులూడిపోయింది.

ఇప్పుడు సీసా ఉప్పు జాడీ పక్కన, కనపడేలా.
రుచి ఇప్పటికీ తెలియదు. పేరు తెలుసు.
రాత్రి మజ్జిగలో నేనే వేసుకుంటాను,
పైకి లెక్కపెడుతూ.
ఎనిమిది. తొమ్మిది.
ఒక్కోరోజు అక్కడ ఆగి
మూత బిగించేస్తాను.
జాన్‌బీ చూస్తుంది.
ఏమీ అనకుండా
గ్లాసు కడగడానికి చెయ్యి చాపుతుంది.